గిలెటిన్ గారూ, ఉభయకుశలోపరి!

లోక్‌సభలో వేంచేసి ఉన్న మహారాజశ్రీ గిలెటిన్ గారికి,

ఉభయకుశలోపరి. ఉభయులంటే ఇక్కడ మీరూ, ప్రభుత్వమూను. పద్దుల (అంటే ఖర్చుకు డబ్బివ్వమని ఒక్కో శాఖా సభను అడిగే చిట్టాల) క్షేమం ఎవరూ అడగలేదు కనుక రాయడం లేదు.

ఫ్రాన్సులో 1792 నుంచి తలలు తెగ్గోసిన యంత్రాల వంశం మీది. మా దగ్గరికొచ్చాక ఎంత సాధువైపోయారండీ! రక్తపు చుక్క లేదు, బడ్జెట్‌లో రూపాయి కోత లేదు. తెగేదల్లా చర్చే. గడువు రోజు వేళ కాగానే మిగిలిన పద్దులన్నీ మూటగట్టి ఓటుకు పెడతారు. మూజువాణి ఓటుతో మూట ఒడ్డెక్కుతుంది.

మీకంటే ముందు పాపం శాఖలవారీగా పద్దులు పరిశీలించే ఎంపీల స్థాయీ సంఘాలు చెమటోడుస్తాయి. 1993లో 17తో మొదలై, 2004లో 24 అయ్యాయి. ఒక్కోదానిలో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. బడ్జెట్ పెట్టాక సభకు విరామమిచ్చేది వీళ్ళు పద్దులు చూడటానికే. తలుపులు మూసి, శాఖల కార్యదర్శుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పోయినేడు ఇచ్చిందే ఖర్చు కాలేదు, ఈ ఏడు ఇంకా ఎందుకయ్యా అని అడుగుతారు. (కెమెరాలు లేనిచోట మన ఎంపీలు ఎంత బాగా అడుగుతారో! అది మనం చూడలేకపోవడమే విచారం.) నివేదిక రాసి సభ ముందు పెడతారు. పెద్దమనుషులు పెళ్ళికొడుకు గురించి ఊరంతా వాకబు చేసి తిరిగొచ్చేసరికి మూడు ముళ్ళూ పడిపోయినట్టు, ఆ నివేదిక చర్చకు రాకముందే మీరు దిగిపోతారు.

2018 మార్చి 14 నాటి మీ దర్జా మరువలేను. 99 పద్దులు, వాటి వెనకే ఆర్థిక బిల్లు, అంతా కలిపి అరగంట. మా వీధి కిరాణా కొట్టాయన నెల ఖాతా కూడటానికి అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది. ఆ సమావేశాల గోలలో మా తెలుగు ఎంపీల గొంతులూ ఉన్నాయి, ప్రత్యేక హోదా కావాలని. అడగడం తప్పనను. కానీ వాళ్ళు ముందు నిలబడి అడుగుతుండగానే డబ్బంతా పక్కనుంచి వెళ్ళిపోయింది. 2023 మార్చి 23న ఇంకా సొగసు. అదానీ వ్యవహారంపై సంయుక్త పార్లమెంటరీ సంఘం వేయాలని ప్రతిపక్షం, రాహుల్ గాంధీ క్షమాపణ చెప్పాలని అధికారపక్షం అరుచుకుంటుంటే, దాదాపు 45 లక్షల కోట్ల ఖర్చు మాటా మంతీ లేకుండా గట్టెక్కింది. కొత్త సంఘం కోసం కొట్లాట, పాత సంఘాల నివేదికల మీద దుమ్ము.

అయినా మిమ్మల్ని ఒక్కరినే అనడం అన్యాయం. సభలో దేనికెంత సమయమో తేల్చే సభా కార్యక్రమాల సలహా సంఘం కూడా సంఘమేగా!

ఒక్కటే విన్నపం. ఈసారి దిగేముందు ఏదో ఒక నివేదికలో, మీకు నచ్చిన శాఖదే, ఒక్క పేజీ తిరగేయండి.

ఇట్లు,
అగ్గిపెట్టె కొన్నా పన్ను కట్టే విధేయుడు

తా.క.: సంఘం సిఫారసులకు జవాబివ్వడానికి ప్రభుత్వానికి మూడు నెలల గడువుందట. మార్చిలో ఓటేసిన డబ్బుకు జూన్‌లో జవాబు! దాని మీద సంఘం మళ్ళీ ఇంకో నివేదిక రాస్తుంది. అందులో ఒక అధ్యాయం శీర్షిక, ప్రభుత్వ సమాధానాల దృష్ట్యా సంఘం ఇక పట్టుబట్టదలచుకోని సిఫారసులు. ఆ శీర్షిక పెట్టిన మహానుభావుడెవరో గానీ, మీ తరఫున ఒక శాలువా కప్పండి.