ఆ గాజు పెట్టెని బయట పెట్టించింది మనమే

మొన్న మన తెలుగు సంఘం వార్షికోత్సవంలో సైడు హాల్లో యూత్ కమిటీ పెట్టిన సైన్స్ టేబుళ్ళు ఎంతమంది చూశారో తెలీదు, స్టేజి మీద ప్రోగ్రాం మొదలయ్యాక అటు వచ్చినవాళ్ళు తక్కువే. ఆ హాల్ బాధ్యత సంఘం ఎగ్జిక్యూటివ్ కమిటీ (ఈసీ) నాకు అప్పగించింది కాబట్టి నేను సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. చివరి టేబుల్ మీద పదకొండో గ్రేడ్ చదివే ఒకమ్మాయి తను సొంతంగా కట్టిన క్లౌడ్ చాంబర్ పెట్టింది, కంటికి కనపడని కణాలు పోయిన దారిని చూపించే పెట్టె అది. చిన్న చేపల తొట్టి సైజు గాజు పెట్టె. లోపల పైభాగాన ఆల్కహాల్‌తో తడిపిన ఫెల్ట్ గుడ్డ, అడుగున నల్లటి మెటల్ ప్లేటు, దాని కింద డ్రై ఐస్. పక్కనుంచి ఫ్లాష్‌లైట్ వేస్తే అడుగున సన్నగా మంచు పట్టినట్టు కనిపిస్తుంది. కళ్ళు అలవాటు పడేదాకా కాసేపు చూస్తూ ఉంటే ఆ మంచులో ఉన్నట్టుండి తెల్లటి గీత ఒకటి, దారప్పోగంత సన్నగా, పుట్టి రెండు క్షణాల్లో కరిగిపోతుంది. ఇంకో మూల ఇంకోటి. అప్పుడప్పుడు పొట్టిగా లావుగా ఒకటి.

"సన్నగా నిటారుగా ఉన్నది మ్యువాన్ అనే కణం అయ్యుంటుంది అంకుల్. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ రేలు పైన గాలిని ఢీకొంటే, సుమారు 15 కిలోమీటర్ల ఎత్తులో పుట్టి ఇక్కడిదాకా వస్తాయి. లావుది ఆల్ఫా కణం, గాల్లో సహజంగానే ఉండే రేడాన్ అనే వాయువు నుంచి" అని చెప్పింది. నా అరచెయ్యి చాపమని, "దీంట్లోంచి సెకనుకి ఒకటి చొప్పున పోతూనే ఉంటాయి" అంది. నాకు యాభై దాటాయి, ఆ మాట ఎప్పుడో చదివాను, కానీ కళ్ళతో చూడ్డం అదే మొదటిసారి.

ఇంతలో పక్కనున్న ఒకాయన చెవిన "రేడియేషన్" అనే మాట పడింది. చిన్నపిల్లలు తిరిగే చోట రేడియేషన్ ఏంటని గట్టిగా అడిగారు, అమ్మాయి చెప్పబోతే వినలేదు, అయిదు నిమిషాల్లో విషయం ఈసీ వాట్సాప్ గ్రూపుకి ఎక్కింది, పది నిమిషాల్లో పెట్టెని హాల్లోంచి తీసెయ్యమని మెసేజ్ వచ్చింది. తీసేశాం. ఒక వైపు నేనే పట్టుకున్నాను. వెనక కారిడార్‌లో చెత్త డబ్బాల పక్కన దింపుతుంటే ఆ అమ్మాయి "పెట్టె తీసేస్తే అవి ఆగవు అంకుల్, పెట్టె ఉంటే కనపడతాయి, అంతే" అంది. "తెలుసమ్మా, కానీ..." అన్నాను, ఆ తర్వాత నాకు మాట రాలేదు.

ఆ టేబుల్ దగ్గర నిజంగా జాగ్రత్త పడాల్సింది ఒక్కటే ఉంది, డ్రై ఐస్. ఉత్త చేత్తో పట్టుకుంటే చర్మం కాలినట్టు అవుతుంది, మూసేసిన గదిలో ఎక్కువ పెడితే ఊపిరికి ఇబ్బంది. దానికోసం ఆ అమ్మాయి గ్లోవ్స్ వేసుకుంది, కంటద్దాలు పెట్టుకుంది, తలుపు తెరిచి ఉంచమని పొద్దున్నే నన్ను అడిగింది. దాని గురించి మనలో ఒక్కరు కూడా అడగలేదు. భయపడాల్సిన దాన్ని చూడకుండా, మనం పుట్టకముందు నుంచీ మన ఒంట్లోంచి పోతూ ఉన్నదాన్ని చూసి హడలిపోయాం.

ఆ తర్వాతి వారం ఈసీ జూమ్ మీటింగ్‌లో దీని మీదే గంట సేపు మాటలు నడిచాయి. ఒకరు ఈ కణాల పరిశోధనే ప్రమాదం, జెనీవా దగ్గర కణాల పరిశోధన చేసే సెర్న్ వాళ్ళు భూమికే ఎసరు పెడుతున్నారు అన్నారు. ఇంకో పెద్దాయన, నాకు చాలా గౌరవం ఉన్న మనిషి, ప్రమాదం సంగతి అలా ఉంచండి, కోట్లకు కోట్లు పోసి ఆ కణాలు పట్టుకుంటే ఎవరికి ఒరిగిందేంటి, పిల్లలకి పనికొచ్చేవి చెప్పండి అన్నారు. ఇవి రెండూ వేరు వేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు ఉంది. రెండోది నిజంగా గట్టి ప్రశ్న, దాన్ని నేను కొట్టిపారెయ్యను. మనం రెండిటినీ కలిపేసి ఒక పదిహేడేళ్ళ పిల్ల నెత్తిన పెట్టాం, అక్కడే నాకు బాధేసింది.

భయం గురించి నేను ఎవర్నీ తక్కువ చేసి మాట్లాడలేను. 2008 సెప్టెంబర్‌లో, సెర్న్ వాళ్ళు కణాల్ని ఢీకొట్టే పెద్ద యంత్రం (కొలైడర్) ఎల్‌హెచ్‌సీని మొదలుపెట్టే ముందు రోజు, అమ్మ ఫోన్ చేసింది. "ఏరా, రేపు ఏదో మిషన్ ఆన్ చేస్తే భూమి లోపలికి లాగేసుకుంటుందంట కదా, టీవీలో పొద్దుట్నుంచీ అదే చూపిస్తున్నారు, నువ్వు పిల్లల దగ్గరే ఉండు" అంది. నాకు ఆఫీసులో ఏదో రిలీజ్ ఉంది, విసుక్కున్నాను, అలాంటివి చూడకు, పెట్టెయ్ అన్నాను. పెట్టేసింది. తర్వాత వారంలో వార్త చదివాను, మధ్యప్రదేశ్‌లో 16 ఏళ్ళ అమ్మాయి ఆ టీవీ ప్రోగ్రాములు చూసి భయపడి ప్రాణం తీసుకుందని. ఆ రోజు నాకు అమ్మ గొంతే గుర్తొచ్చింది. ఆవిడ అడిగింది మూర్ఖత్వం కాదు, నేను రెండు నిమిషాలు కూర్చుని చెప్పుంటే అర్థం చేసుకునేది. నాకు ఓపిక లేకపోయింది, అంతే.

అప్పుడు చెప్పాల్సింది ఇప్పుడు చెప్తాను. 2008 సెప్టెంబర్ 10న అసలు ఢీకొట్టడమే జరగలేదు, జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల సొరంగంలో ప్రోటాన్లని చుట్టూ తిప్పి చూశారు. ఢీకొట్టడం 2009 నవంబర్‌లో మొదలైంది. రెండు ప్రోటాన్లు ఢీకొంటే వచ్చే శక్తి, మొత్తంగా చూస్తే, ఎగిరే దోమలు ఓ డజను కలిస్తే ఉండేంత. అది అతి చిన్న చోట ఇరుకుతుంది కాబట్టే కొత్త కణాలు పుడతాయి. అంతకన్నా ఎన్నో రెట్ల శక్తితో కాస్మిక్ రేలు కోట్ల ఏళ్ళ నుంచీ భూమిని కొడుతున్నాయి, సెర్న్ లెక్క ప్రకారం పది లక్షల ఎల్‌హెచ్‌సీ ప్రయోగాలంత ఢీకొట్టుడు ప్రకృతి ఇప్పటికే భూమి మీద చేసేసింది. దానికి విమర్శకులు ఒక మంచి ప్రశ్న వేశారు: కాస్మిక్ రే వల్ల ఏదైనా చిన్న బ్లాక్ హోల్ పుడితే అది వేగంగా భూమిని దాటి పోతుంది, కొలైడర్‌లో పుట్టింది నెమ్మదిగా ఇక్కడే ఉండిపోవచ్చు కదా అని. ఇద్దరు ఫిజిసిస్టులు, గిడ్డింగ్స్, మాంగానో, 2008లో కూర్చుని దానికీ లెక్క వేశారు. తెల్ల మరుగుజ్జు నక్షత్రాలు, న్యూట్రాన్ నక్షత్రాలు ఎంత చిక్కగా ఉంటాయంటే అలాంటివి వచ్చి తగిలితే వాటిలోనే ఆగిపోవాలి, ఆగి వాటిని తినెయ్యాలి, కానీ ఆ నక్షత్రాలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఎల్‌హెచ్‌సీని ఆపమని హవాయిలో వేసిన కోర్టు కేసు కూడా కొట్టేశారు.

ఎల్‌హెచ్‌సీలో నిజంగా ప్రమాదం జరిగింది మాత్రం అదే 2008 సెప్టెంబర్ 19న, అదీ ఎవరూ ఊహించని మామూలు చోట. ప్రోటాన్లని దారిలో తిప్పే రెండు అయస్కాంతాల మధ్య కరెంటు జాయింటు పాడైంది, టన్నుల కొద్దీ హీలియం బయటకి తన్నింది, బరువైన అయస్కాంతాలు పక్కకి జరిగిపోయాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, యంత్రం మాత్రం ఏడాదికి పైగా ఆగిపోయింది. మన టేబుల్ మీద డ్రై ఐస్ లాగానే, అసలు ప్రమాదం ఎవరూ చూడని చోట ఉంది.

ఇక సెర్న్ ఆవరణలో ఉన్న నటరాజ విగ్రహం గురించి వాట్సాప్‌లో తిరిగే కథ సంగతి. అది వేరే లోకానికి ఏ పోర్టల్ తెరవడానికీ పెట్టింది కాదు. 2004లో భారత ప్రభుత్వం సెర్న్‌కి ఇచ్చిన కానుక. ఆ విగ్రహం దగ్గర రాత్రిపూట బలి ఇస్తున్నట్టు 2016లో వచ్చిన వీడియో కొందరు ఆటపట్టించడానికి తీసింది, సెర్న్ అప్పుడే చెప్పింది. మనవాళ్ళు గర్వపడాల్సింది ఆ సొరంగంలో ఉంది: ఒక్కోటి 30 టన్నులకి పైగా బరువుండే ఆ అయస్కాంతాల కింద, వెంట్రుక మందమంత తేడా కూడా లేకుండా సర్దే జాకులు వేల కొద్దీ భారత్‌లో తయారైనవే.

న్యూట్రినోలనే అతి చిన్న కణాలని పట్టుకోవడానికి మన దేశంలో కడతామన్న అబ్జర్వేటరీ గొడవ గుర్తుందా? 2015లో కేంద్రం సుమారు 1500 కోట్ల రూపాయలతో ఒప్పుకుంది, తమిళనాడు థేని జిల్లా కొండల కింద కట్టాలని. న్యూట్రినోలు రేడియేషన్, పంటలు పోతాయి, మనుషులు పోతారు అని ప్రచారం జరిగింది. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు లక్షల కోట్లు ప్రతి క్షణం మనలోంచి పోతున్నాయి, ఏమీ చెయ్యవు, చెయ్యవు కాబట్టే వాటిని పట్టుకోవడం అంత కష్టం. కొండ కిందకి వెళ్ళేదే ఈ మ్యువాన్ల వాన నుంచి తప్పించుకోవడానికి, మన పిల్ల పెట్టెలో గీతలు గీసినవే ఇవి. 1965లో కోలార్ బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకి పైగా లోతులో, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలని ప్రపంచంలో మొదటగా పట్టుకున్న వాళ్ళలో మనవాళ్ళున్నారు. కానీ అక్కడి జనం అడిగిన మిగతా ప్రశ్నలు, కొండని పేల్చితే నీళ్ళ సంగతేంటి, అడవి సంగతేంటి, మమ్మల్ని ముందు ఎందుకు అడగలేదు అనేవి, అవి న్యాయమైనవి. సైంటిస్టులు వాటికి మొదటి రోజే కూర్చుని జవాబు చెప్పుండాల్సింది. చెప్పకపోతే ఆ ఖాళీలోకి పుకారు వచ్చి కూర్చుంటుంది.

డబ్బు ప్రశ్నకి వస్తే, పెద్దాయనా, మీరు ఒంటరి కాదు. సెర్న్ వాళ్ళు ఇప్పుడు 91 కిలోమీటర్ల కొత్త రింగు కడతామంటున్నారు, మొదటి దశకే సుమారు 1500 కోట్ల స్విస్ ఫ్రాంకులు. కొత్త కణం దొరుకుతుందన్న గ్యారంటీ లేదు, ఆ డబ్బు వేరే సైన్స్‌కి పెట్టొచ్చు అని సబీన్ హోసెన్‌ఫెల్డర్ లాంటి ఫిజిసిస్టులే వాదిస్తున్నారు. ఆ వాదనలో పస ఉంది. 2012లో ఎన్నో ఏళ్ళు వెతికిన హిగ్స్ బోసాన్ అనే కణం దొరికాక అంత పెద్ద కొత్త కణం ఏదీ దొరకలేదన్నది కూడా నిజమే. అమెరికాలో టెక్సస్‌లో 87 కిలోమీటర్ల సూపర్ కొలైడర్‌ని 200 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 1993లో ఆపేశారు, 20 కిలోమీటర్లకి పైగా తవ్విన సొరంగం వృథా అయింది. మొదలుపెట్టే ముందే గట్టిగా అడగాలి, సగంలో ఆపితే అందరికీ నష్టం.

కానీ "ఒరిగిందేంటి" అంటే మాత్రం నేను ఊరుకోలేను. మీరు రోజూ వాడే వెబ్ 1989లో సెర్న్‌లో మొదలైంది, 1993లో సెర్న్ దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. క్యాన్సర్ పేషెంటుకి తీసే పెట్ స్కాన్‌లో వాడే పాజిట్రాన్ అనే కణాన్ని 1932లో ఒకాయన ఇలాంటి క్లౌడ్ చాంబర్‌లోనే మొదటిసారి చూశాడు, కార్ల్ ఆండర్సన్, అప్పుడు అది దేనికీ పనికిరాదు. నాకు మాత్రం వీటికన్నా 1969లో రాబర్ట్ విల్సన్ అనే ఫిజిసిస్టు అమెరికన్ కాంగ్రెస్ కమిటీలో ఒక సెనేటర్‌కి చెప్పిన జవాబు ఎక్కువ నచ్చుతుంది. ఆయన కట్టిస్తున్న యాక్సిలరేటర్, అంటే కణాల్ని వేగంగా పరిగెత్తించే యంత్రం, దేశరక్షణకి ఏం పనికొస్తుందని అడిగితే, నేరుగా ఏమీ పనికిరాదు, ఈ దేశం కాపాడుకోదగ్గది అనిపించేలా చేస్తుంది అన్నాడు.

మన సంఘంలో పిల్లలకి పాటలు, నాటకాలు, స్పెల్లింగ్ పోటీలు, కోడింగ్ క్యాంపులు ఉన్నాయి, చాలా ప్రేమగా చేస్తాం, నేనూ చేశాను. ఒక పిల్ల నెలల తరబడి కట్టుకున్న వస్తువుని ఎదురుగా నిలబడి రెండు నిమిషాలు వినే ఓపిక మాత్రం ఎందుకో మనకి రాలేదు. ఆ అమ్మాయిని వచ్చే ఏడాది మెయిన్ హాల్లో, లైట్లు తగ్గించి, పదిహేను నిమిషాలు మాట్లాడనివ్వండి. ప్రశ్నలు అడగండి, కఠినమైనవే అడగండి, ఖర్చు గురించి అడగండి, కానీ జవాబు అయ్యేదాకా కూర్చోండి. సెప్టెంబర్ మీటింగ్ అజెండాలో ఇది పెట్టమని సెక్రటరీ గారికి మెయిల్ చేశాను. ఆ రోజు జరిగినదానికి ఈసీ తరఫున వాళ్ళింటికి ఒక ఉత్తరం వెళ్ళాలని కూడా రాశాను, మొదటి సంతకం నాదే.

ఆ పెట్టె ఇంకా మా గరాజ్‌లోనే ఉంది, ఆ రాత్రి వాళ్ళ కారులో చోటు లేక నేనే తెచ్చాను. ఫెల్ట్ గుడ్డ ఎండిపోయింది, ప్లేటు మీద నా వేలిముద్రలు పడ్డాయి. శనివారం వాళ్ళ అమ్మానాన్నలతో వచ్చి తీసుకెళ్తానంది, వెళ్ళే ముందు ఒకసారి మా పిల్లలకి నడిపి చూపిస్తానంది. డ్రై ఐస్ నేను తెస్తానని చెప్పాను.