రైఫిల్ గొట్టంలోని గాడి గారికి

అయ్యా గాడి గారూ,

తుపాకుల ప్రకటన ఏది చూసినా తమరి భజనే. మూడు గాడులట, ఐదు గాడులట, వాలు అంచులట, అసలు అంచులే లేని బహుభుజి గొట్టమట. దాంతో తూటా వేగం అమాంతం పెరిగిందట! తూటాను తోసేది మందు మండితే పుట్టే గ్యాసు. ఆ తోపుకు తగినంత దూరం ఇచ్చేది గొట్టం పొడవు. తమరు గొట్టం లోపల మెలికలు తిరిగి, తూటా గురి తప్పకుండా దాన్ని గిరగిరా తిప్పుతారు, అంతే.

ఆ తిప్పుడుకైనా ఖర్చెంత? ఏడు అంగుళాలకో చుట్టు చొప్పున తిరుగుతూ సెకనుకు 900 మీటర్ల వేగంతో బయటపడే తూటా నిమిషానికి సుమారు 3 లక్షల చుట్లు తిరిగే లెక్క. వింటేనే కళ్లు తిరుగుతాయి. తీరా చూస్తే అందుకు పోయే శక్తి మొత్తంలో ఒక్క శాతం కూడా ఉండదు. ట్విస్ట్, అంటే తమరి మెలిక, కాస్త బిగించినా, సడలించినా వేగంలో తేడా నామమాత్రమే. అంచులు నున్నగా చేస్తే గ్యాసు కాస్త తక్కువ జారిపోతుంది, తుడవడం సులువు. కాదనను. ఆ లాభం ప్రకటనలోని అక్షరాలంత పెద్దది కాదు మరి.

సంఖ్య గురించి కూడా ఎక్కువ మాట్లాడకండి. రెండో ప్రపంచ యుద్ధంలో పని త్వరగా తెమలాలని అమెరికా స్ప్రింగ్‌ఫీల్డ్, బ్రిటన్ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లకు రెండే గాడులున్న గొట్టాలు కూడా చేశారు. గురి తప్పుతోందని తూటాలేమీ ధర్నా చేయలేదు.

మీ ఆకారం నిజంగా లెక్కలోకి వచ్చిన సందర్భం ఒకటుంది, అది మీరు దాచిపెడతారు. 1888లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్లో మీరు లోతు తక్కువగా, గుండ్రంగా ఉండేవారు. పాతకాలపు నల్ల తుపాకి మందు మసి పేరుకోకుండా ఆ ఏర్పాటు బాగానే పనిచేసింది. తర్వాత పొగ పెద్దగా రాని కొత్త మందు, కార్డైట్ వచ్చింది. దాని వేడికి గొట్టం చకచకా అరిగిపోయింది. 1895 నాటికి మిమ్మల్ని చదరపు అంచులతో, ఐదుగా, కొత్తగా కోయాల్సి వచ్చింది. అలా వచ్చిన లీ-ఎన్‌ఫీల్డ్ పేరులోని రెండో సగం ఆ కోతదే.

ఇక అరుగుదల. గొట్టం పోయిందనగానే అందరూ తూటా రాపిడిని తిడతారు. అసలు దెబ్బ తగిలేది పేల్చే ముందు తూటా కూర్చునే గుండు గది దాటగానే, మీరు మొదలయ్యే గొంతు దగ్గర. అక్కడ గ్యాసు సెగకు ఉక్కు ఎండిన చెరువు మట్టిలా బీటలు వారుతుంది, ఆ బీటల నుంచే పెళ్లలు రాలతాయి. ఎడతెరిపి లేకుండా కాలిస్తే ఇంకా త్వరగా. లోపల క్రోమ్ పూత వేసేది తుప్పుతో పాటు ఈ బాధకు కూడా. ముప్ఫై క్యాలిబర్ గొట్టంలో, అంటే లోపలి వ్యాసం 0.30 అంగుళాలున్న దాంట్లో, మీ లోతు మిల్లీమీటర్లో పదో వంతు! అంత వేడి ముందు మీ డిజైన్ ఎన్నాళ్లు ఆగుతుందండీ?

మూతి వైపు నుంచి తొంగిచూస్తే మాత్రం తమరు నిగనిగలాడుతూ కనిపిస్తారు. కొన్నవాడు మురిసిపోతాడు. గురి చెదిరిపోయాక మెకానిక్ దగ్గరికి వెళితే అతను మూతి జోలికి పోడు. గొంతు వైపు కాస్త కోసేసి, గుండు గది మళ్లీ తొలిచి ఇస్తాడు. తర్వాతి ప్రకటనలో ఆ గొంతుకు కూడా ఒక లైను ఇప్పించండి.

ఇట్లు,
ప్రకటనలు చదివి విసిగిన ఒకడు