ఫిర్యాదును మూసే అధికారం పౌరుడికే ఉండాలి

నగరవాసికి ఫిర్యాదు చేసే దారులకు ఇప్పుడు కొదవ లేదు. హైదరాబాద్‌లో మై జీహెచ్ఎంసీ యాప్, కాల్‌సెంటర్, సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉన్నాయి. కేంద్రం 2016లో తెచ్చిన స్వచ్ఛతా యాప్ దేశమంతటా పనిచేస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి మన మిత్ర వాట్సాప్ సేవ కూడా వచ్చింది. అయినా పొంగే మ్యాన్‌హోలు, వెలగని వీధిదీపం ఏటా అదే వీధిలో, అదే చోట కనిపిస్తున్నాయంటే, లోపం యాప్‌ల సంఖ్యలో లేదని ఒప్పుకోవాలి.

లోపమంతా ఆ ఫిర్యాదును ఎవరు మూస్తున్నారన్న దగ్గరే ఉంది. చెత్త ఫొటో తీసి పంపిన మనిషికి టోకెన్ నంబరు వస్తుంది. కొద్ది రోజులకు ‘మీ సమస్య పరిష్కారమైంది’ అన్న సందేశం వస్తుంది. చెత్త మాత్రం అక్కడే ఉంటుంది. పని చేయాల్సిన విభాగమే పని అయిపోయిందని ధ్రువీకరించే ఏర్పాటులో ఇంతకన్నా భిన్నమైన ఫలితాన్ని ఆశించలేం. పరీక్ష రాసిన విద్యార్థే తన జవాబుపత్రం దిద్దుకున్నట్లుంది ఈ పద్ధతి. పైఅధికారి సమీక్షలో చూసేది ఎన్ని ఫిర్యాదులు గడువులోగా మూశారన్న లెక్కే కాబట్టి, కిందిస్థాయి ఉద్యోగి దృష్టి కూడా వీధి మీద కాకుండా ఆ లెక్క మీదే నిలుస్తుంది. నగరాల పరిశుభ్రతకు కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో యాప్ వాడకానికి మార్కులు కేటాయించినప్పుడు, జనం చేత యాప్ డౌన్‌లోడ్ చేయించడమే నగరపాలికలకు ఒక పనిగా మారింది.

బ్రిటన్‌లో మైసొసైటీ అనే పౌరసంస్థ 2007లో ప్రారంభించిన ఫిక్స్‌మైస్ట్రీట్ అనే వెబ్‌సైట్‌ను ఈ సందర్భంలో గుర్తుచేసుకోవాలి. అక్కడ ఎవరు ఏ గుంత గురించి రాసినా అది సంబంధిత కౌన్సిల్‌కు వెళ్తుంది, అదే సమయంలో మ్యాప్ మీద అందరికీ కనిపిస్తుంది. నాలుగు వారాల తర్వాత, సమస్య తీరిందా లేదా అని ఆ వేదిక నేరుగా ఫిర్యాదుదారుడినే అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నతో ఫిర్యాదు కార్యాలయంలోని ఫైలు స్థాయి దాటి, వీధి మొత్తానికి తెలిసిన బహిరంగ రికార్డు అవుతుంది. పక్కింటివారు అదే గుంత గురించి అప్పటికే రాశారని తెలిస్తే మరో నలుగురు గొంతు కలుపుతారు. మన యాప్‌లలో ఎక్కువగా ఎవరి టోకెన్ వారిది, ఎవరి నిరీక్షణ వారిది.

మూసే అధికారం జనానికిస్తే ఫిర్యాదులు ఏనాటికీ తరగవని, తప్పుడు ఫిర్యాదులు పోగుపడతాయని, ఉన్న సిబ్బందితో అది సాధ్యం కాదని అధికారులు అనవచ్చు. సిబ్బంది కొరత నిజమే. అయితే తీరని సమస్యను తీరినట్టు చూపితే ఆ కొరత పైవారి కంటపడకుండా పోతుంది. మూతపడని ఫిర్యాదుల అసలు సంఖ్య బయటికొస్తేనే అదనపు ఉద్యోగుల కోసం, నిధుల కోసం ఆ విభాగం గట్టిగా అడగగలుగుతుంది.

దీని వెనుక ఇంకా పెద్ద వెలితి ఉంది. హైదరాబాద్‌లో మురుగునీటి మ్యాన్‌హోలు జలమండలిది, వరదనీటి నాలా జీహెచ్ఎంసీది, స్తంభం విద్యుత్ సంస్థది. వానొస్తే మూడింటి ఇబ్బందీ ఒకే గడపలోకి వస్తుంది. ఈ విభాగాలను ఒకచోట నిలదీయగల వేదిక కోసమే 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, 243ఎస్ అధికరణం ద్వారా, 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. ఆ కమిటీలను మనం కాగితం మీదే ఉంచి, వాటి చోటును యాప్‌తో నింపుదామనుకున్నాం. 2023 జూన్‌లో హైదరాబాద్‌లోని 150 వార్డుల్లో తెరిచిన కార్యాలయాలు వివిధ విభాగాల సిబ్బందిని ఒక కప్పు కిందికి తెచ్చాయి, అది మంచి అడుగే. కానీ అక్కడ పౌరుడికి దక్కింది అర్జీ ఇచ్చే వరుసే తప్ప నిర్ణయించే కుర్చీ కాదు.

యాప్‌లో పడిన ప్రతి ఫిర్యాదూ వార్డువారీగా అందరికీ కనిపించాలి. ఫిర్యాదుదారుడు ‘అయింది’ అనే వరకు అది తెరిచే ఉండాలి. గడువు దాటినవాటి జాబితా నెలనెలా వార్డు కమిటీ ముందుకు రావాలి, ఆ రోజు ఇంజినీరు, శానిటరీ అధికారి, జలమండలి ప్రతినిధి ముగ్గురూ అక్కడ కూర్చుని జవాబు చెప్పాలి. ఇందుకు కొత్త యాప్ అక్కర్లేదు. ఉన్న యాప్‌లో ‘పరిష్కారమైంది’ అనే మీటను అధికారి తెర నుంచి పౌరుడి తెరకు మార్చే ఉత్తర్వు ఒక్కటి చాలు, దాన్ని నగరపాలికలు రేపే ఇవ్వవచ్చు.