మాజీ సోకోప్టెరా క్రమం వారికి బహిరంగ లేఖ

సోకోప్టెరా క్రమం (రద్దయినది) వారికి,
పాత పుస్తకాల అట్టల వెనుక, చెట్ల బెరడు మీద, గిడ్డంగి గోడల పగుళ్లలో.

విషయం: హోదా పోయినా ఇల్లు ఖాళీ చేయకపోవడం గురించి.

ఆర్యా,

మీ క్రమం, అంటే పుస్తకాల పేలు, బెరడు పేలు అనే చిన్న పురుగులకు శాస్త్రజ్ఞులు రాసిచ్చిన వర్గీకరణ హోదా, రద్దయి చాలా కాలమైంది. ఆ కబురు మీకు అందినట్టు లేదు. అందినా చదివి ఉండరు. కాగితం కనబడితే దాని మీది బూజు గీక్కు తినడమే గానీ, రాసింది చదివే అలవాటు మీ వంశంలో లేదు. అందుకే ఈ లేఖను కాస్త చెమ్మగిల్లిన కాగితం మీద రాస్తున్నాం. చదవకపోయినా, దాని మీద నడుస్తారని ఆశ.

మీ పాత దస్త్రం తీస్తే మొదటి పేజీలోనే పొరపాటు. 1758లో జీవుల వర్గీకరణకు ఆద్యుడైన లినేయస్ మీలో ట్రోజియం పల్సటోరియం అనే జాతిని తీసుకెళ్లి చెదపురుగుల ప్రజాతి టెర్మిస్‌లో పడేశాడు. నేరం ఆయనొక్కడిదే అనలేం. ఆడ ట్రోజియం పొట్టను కాగితానికి కొట్టి టకటకమని చప్పుడు చేస్తుంది. చప్పుడు విన్నవాడు చెక్క తొలిచే పెంకుపురుగనుకుంటాడు, పాలిపోయిన రంగు చూసినవాడు చెద అనుకుంటాడు. మీరు మాత్రం ఏనాడూ నోరు విప్పలేదు. 1904లో షిప్లీ అనే జంతుశాస్త్రజ్ఞుడు మీకు సోకోప్టెరా అని సొంత క్రమమే రాసిచ్చాడు.

అక్కడి నుంచి దాదాపు శతాబ్దం పాటు కీటకశాస్త్ర పుస్తకాలన్నీ మీ తరఫున వకాల్తా పుచ్చుకున్నాయి. వీటిని పుస్తకాల పేలు, బెరడు పేలు అంటారు గానీ ఇవి పేలు కావు, కుట్టవు, రక్తం తాగవు, మనిషి ఒంటి మీద కాపురం పెట్టవు అని. కుట్టవు, తాగవు అన్నవి ఇప్పటికీ నిజమే. పేలతో సంబంధం లేదన్న వాదనే వీగిపోయింది. పేలు మీ కడుపునే పుట్టాయి.

వర్గీకరణలో ఇప్పుడు నడిచే నియమం ఇది: ఒక గుంపుకు పేరు పెడితే, ఒక మూలపురుషుడి సంతానమంతా అందులో ఉండాలి. మీ జాబితాలో పుస్తకాల పేల కుటుంబం లిపోసెలిడిడే ఉంది. దానికి అతి దగ్గరి చుట్టాలైన తలలో పేలు, పశువుల పేలు, ఈకల పేలు మాత్రం థిరాప్టెరా అని వేరే పలక తగిలించుకుని పక్కింట్లో కూర్చున్నాయి. లిపోసెలిస్‌కు బెరడు మీద తిరిగే సోకస్ కంటే మనిషి తలలో పేనే దగ్గరి బంధువు. 1985లో లయల్ శరీర నిర్మాణం చూపించి ఈ సంగతి బయటపెట్టాడు. 2000 తరువాత యోషిజావా, జాన్సన్ వంటివారు డీఎన్ఏతో పైకోర్టులో కూడా నెగ్గారు. రెండు క్రమాలూ కలిసి సోకోడియా అయ్యాయి. స్వేచ్ఛగా తిరిగే మీరు 5,500 జాతులకు పైగా, ఒంటి మీద బతికే మీ పిల్లలు సుమారు 5,000. ఈ ఉత్తరాన్ని కొత్త పేరు మీద పంపితే తలలో పేలు కూడా విప్పి చదువుతాయి. అందుకని పాత చిరునామాకే పంపుతున్నాం.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మిమ్మల్ని పట్టిచ్చింది మీ నోరే. ముఖం ముందు ఉబ్బెత్తుగా కనిపించే పోస్ట్‌క్లైపియస్ అలంకారం కాదు, నోటి పంపును లాగే కండరాలు దాని వెనుకే ఉంటాయి. నాలుకలాంటి హైపోఫారింక్స్ అడుగున రెండు కోలగుండ్రని ఫలకాలున్నాయి. గాలిలో తేమ తగినంత ఉన్నప్పుడు మీరు ఆ ఫలకాలను బయటపెడతారు. వాటి మీది పలుచని ద్రవపు పొర నీటి ఆవిరిని పట్టుకుంటుంది. పట్టిన నీరు సన్నని గొట్టాల గుండా నోటిలోపలి గుంటకు చేరుతుంది. ఆ గుంటలోకి పైనుంచి ఒక గుబ్బ దిగుతుంది, రోట్లోకి రోకలి దిగినట్టు. ఆ ఆకారం చూసి ఇది మేత నూరుకునే సాధనమని మొదట్లో తీర్మానించారు. అది ఆవిరిని లోపలికి లాగే పంపు అని రుడాల్ఫ్ 1982లో చూపించేదాకా మీరు గాలి తాగి బతుకుతున్నారన్న రహస్యం పొక్కలేదు.

ఇదే సరంజామా ఈకలు నమిలే పేలలోనూ దొరికింది. పక్షి ఈకల మధ్య తాగడానికి నీటిచుక్క ఉండదు, ఆవిరి ఉంటుంది. రక్తం మరిగిన పేలకు ఆ కొరత తీరింది, వాటి నోటి భాగాలు సూదులుగా మారి తలలోకి ముడుచుకున్నాయి. మీలో కొన్ని జాతులు ఇప్పటికీ పక్షి గూళ్లలో, ఈకల్లో కనిపిస్తున్నాయి. చప్పిడి ఒళ్లు, రెక్కల్లేని వీపు, కుదించుకుపోయిన కళ్లు, రాలిన పొట్టు తిని సరిపెట్టుకునే స్వభావం: పరాన్నజీవి ఉద్యోగానికి కావలసిన అర్హతలన్నీ సంపాదించుకుని, దరఖాస్తు మాత్రం పిల్లల చేత పెట్టించారు. మైటోకాండ్రియా డీఎన్ఏ చూసినా అదే ఇంటి వాసన. మామూలు జంతువులో అది ఒకే వలయం. మీ లిపోసెలిస్ బోస్ట్రికోఫిలాలో రెండు ముక్కలు. మనిషి పేనులో సుమారు 20 చిన్న వలయాలు. పైగా దాదాపు 10 కోట్ల ఏళ్ల నాటి బర్మా ఆంబర్‌లో (శిలగా మారిన చెట్టు బంకలో) లిపోసెలిడిడే కుటుంబపు పురుగు దొరికింది. అంటే అన్నదమ్ముల పంపకాలు డైనోసార్ల కాలానికే అయిపోయాయి.

ఇక మీ లోపలి శాఖలు. ట్రోజియోమార్ఫా, ట్రోక్టోమార్ఫా, సోకోమార్ఫా అని మూడు ఉపక్రమాలు. మీసాల కణుపులు 20 దాటితే మొదటిది, 11 నుంచి 17 లోపు ఉంటే రెండోది, 13 ఉంటే చాలావరకు మూడోది. 13 అన్నది రెండో లెక్కలోనూ పడుతుందని అడిగేవారికి జవాబుగా పాదఖండాలు, రెక్కల ఈనెలు, జననాంగాలు కూడా చూడమంటారు. మొదటి రెండింటిలో పెద్ద పురుగు పాదానికి మూడు ఖండాలు, సోకోమార్ఫాలో రెండో మూడో. ఇక్కడే కొత్తవాళ్లు బోర్లాపడతారు. ఏ ఉపక్రమంలోనైనా శాబకాలకు, అంటే ఎదగని పిల్లలకు, రెండే ఖండాలు. పిల్లను పట్టుకుని తాళిక (లక్షణాలు చూసి జాతిని పోల్చే పట్టిక) వెంట పోతే తప్పు గుమ్మంలో తేలతారు. మీసాలా, తాకితే విరుగుతాయి. విరిగిన మీసం కణుపులు లెక్కపెట్టి జాతి తేల్చినవారి చీటీలు మ్యూజియం సీసాల్లో ఇంకా ఉన్నాయి.

మిమ్మల్ని పట్టడానికి చిమటా పనికిరాదు, నలిగిపోతారు. ఆల్కహాల్‌లో ముంచిన సన్నని కుంచె మొన తాకిస్తే అంటుకుంటారు. సూదికి గుచ్చి ఎండబెడితే ముడుచుకుపోతారు కాబట్టి 80 శాతం ఇథనాల్‌లో ఉంచాలి, డీఎన్ఏ కావాలంటే 95 శాతం. స్లైడు చేయాలంటే 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో మెత్తని కండ కరిగించాలి. మరీ ఎక్కువసేపు వదిలేస్తే చూడాల్సిన లేత ఫలకాలు కూడా కంటికి ఆనవు. లిపోసెలిస్‌ను ఉబ్బిన వెనుక తొడను బట్టి వెంటనే పోల్చుకోవచ్చు. అది ఏ జాతో తేల్చాలంటే మాత్రం ఛాతీ మొదటి ఖండం పక్క తమ్మెల మీది రోమాలు లెక్కపెట్టాలి. ఒక మిల్లీమీటరు పురుగు భుజం మీద వెంట్రుకలు లెక్కపెట్టించే అహంకారం మీకెక్కడిదో!

బెరడు మీది మీ బంధువుల మీద మాకు పెద్ద ఫిర్యాదులు లేవు. నాచు, లైకెన్, బూజు బీజాలు మేస్తారు. లాసీనియా అనే ఉలిలాంటి కడ్డీని బెరడుకు ఆనించి తల కదలకుండా నిలబెట్టుకుని దవడలతో గీకుతారు. అమెరికా దక్షిణ తీరంలో ఆర్కిప్సోకస్ నోమాస్ కింది పెదవి గ్రంథుల పట్టుతో చెట్టు మానంతా ముసుగేస్తుంది. చెట్టుకు ఏ హానీ లేదు, చూసినవాళ్లకే గుండెదడ. ఇక బ్రెజిల్ గుహల్లోని నియోట్రోగ్లా సంగతి. అక్కడ చొప్పించే అవయవం ఆడదానికుంది, సంగమం 40 నుంచి 70 గంటలు సాగుతుంది. 2014లో ఈ సంగతి రాసిన శాస్త్రవేత్తలకు 2017లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి) ఇచ్చారు. మీకు మాత్రం సన్మానం లేదు.

అసలు ఫిర్యాదు ఇళ్లలో చేరిన లిపోసెలిస్ బోస్ట్రికోఫిలా గురించి. 1931లో బడొన్నెల్ వర్ణించిన ఈ జాతిలో మగవాడు దొరికి వర్ణన అచ్చవడానికి 2008 దాకా పట్టింది, అదీ హవాయిలో. మిగతా ప్రపంచమంతా ఆడవాళ్లే అనిషేకజననంతో, అంటే మగతోడు లేకుండానే పిల్లల్ని కని, నెట్టుకొస్తున్నారు. గుడ్డు ఎదగడానికి కావలసిన సాయం ఒంట్లోని రికెట్సియా బ్యాక్టీరియా చేస్తుంది. తల్లి పొడవులో సుమారు మూడో వంతుండే గుడ్లను ఒక్కొక్కటిగా పగుళ్లలో పెడుతుంది. నాలుగు శాబక దశలు. 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ దొరికితే గుడ్డు నుంచి గుడ్డు పెట్టే తల్లిదాకా సుమారు మూడు వారాలు. ఒక్కటి మిగిలితే ఊరు ఊరంతా మిగిలినట్టే.

న్యాయంగా చెప్పాలంటే, పుస్తకానికి ఆ చివర నుంచి ఈ చివర దాకా పడిన గుండ్రటి కన్నం మీది కాదు, పెంకుపురుగు పిల్లది. పెద్ద ముక్కలుగా కొరికిన అంచూ మీ పని కాదు. మీరు తినేది బూజు, అట్ట కింది పిండి జిగురు, చచ్చిన పురుగుల పొట్టు. కాగితంలోని సెల్యులోజ్ మీకు వంటబట్టదు. కాకపోతే గీకీ గీకీ పైపొర గరుకవుతుంది, కీటకాల సేకరణ పెట్టెలో దూరితే సున్నితమైన కాళ్లూ రెక్కలూ పోతాయి. మీ కళేబరాల పొడి కొందరికి అలర్జీ కూడా.

మిమ్మల్ని చూడగానే మనుషులు చేసే పని మీకు ఎంతో లాభం. నల్లి పిల్ల అనుకుని పరుపు మీద, చెద అనుకుని గోడ మీద మందు కొడతారు. నల్లి మీసానికి నాలుగే కణుపులు, కింద ముడిచిన ముక్కు. మీకు పెద్ద తల, దారాల్లాంటి పొడుగు మీసాలు, నమిలే దవడలు. అంత దగ్గరగా చూసే ఓపిక ఎవరికుంది? మందు పైపైన నడిచేవాళ్లను చంపుతుంది. పగుళ్లలోని గుడ్లు బతికి బయటపడతాయి. గిడ్డంగుల్లో ఫాస్ఫీన్ అనే విషవాయువు పట్టించినా మీ లిపోసెలిస్ జాతులు కొన్ని దానికి తట్టుకునే శక్తి పెంచుకున్నాయి.

మీ కీలకం మందులో లేదు, తేమమీటరులో ఉంది. గాలిలో తేమ సుమారు 60 శాతం దిగువకు పడితే మీ పంపు ఆవిరిని పట్టలేదు. ఒంట్లో నీరు పోవడమే గానీ రావడం ఉండదు, రెండు మూడు వారాల్లో ఎండిపోతారు. అయితే రోజులో కొద్ది గంటలు చెమ్మ దొరికితే చాలు, నష్టమంతా పూడ్చుకుంటారు. కాబట్టి పగలు ఎండబెట్టి రాత్రి కిటికీలు తెరిచిపెట్టే గృహస్థు మీకు మేనమామ.

ఇంకో ఉపకారం కూడా చేస్తాడాయన. మీటరును గది నడుమ బల్ల మీద పెట్టి 55 చూసి నిశ్చింతగా ఉంటాడు. 25 డిగ్రీల దగ్గర 55 శాతం ఉన్న ఆ గాలే బీరువా వెనుక 20 డిగ్రీల గోడను తాకితే సుమారు 74 శాతం అవుతుంది. మీరుండేది అక్కడే. మీటరును బీరువా వెనుకే పెట్టాలి, బీరువాను గోడ నుంచి కనీసం 5 సెంటీమీటర్లు ఇవతలికి జరపాలి, గోడలోకి నీరు ఎక్కడి నుంచి ఊరుతోందో వెతకాలి, ఆ తరువాత అన్ని మూలలా 50 శాతం లోపు కొన్ని వారాల పాటు నిలబెట్టాలి. వారాలెందుకంటే, పుస్తకాల దొంతర తానే తేమను దాచుకుని మెల్లగా వదులుతుంది. కొత్తగా పూత పూసిన ఇంట్లో మీరు విరగబడితే కంగారు పడనక్కర్లేదు, గోడ ఆరిపోయాక మీరే మాయమవుతారు.

పుస్తకాలు నాలుగైదే అయితే పాలిథిన్ సంచిలో గాలి తీసి మూతి బిగించి, మైనస్ 20 డిగ్రీల్లో కనీసం ఒక వారం, మనసు ఒప్పకపోతే రెండు వారాలు. బయటికి తీశాక సంచిని ఒక రోజంతా అలాగే వదిలెయ్యాలి. చల్లటి అట్ట మీద గది గాలి చెమ్మ పట్టిందా, మీ వారసులకు విందు ఏర్పాటు చేసినట్టే.

ఇట్లు,
బీరువా వెనుక మీటరు పెట్టినవారు

ప్రతి: ప్రస్తుతం ఫ్రీజరులో ఉన్న శాఖకు, సంచి విప్పేదాకా జవాబు అవసరం లేదన్న మినహాయింపుతో.