ఆ సంచీ జోలికి వెళ్లొద్దు

విపత్తుల విషయంలో ప్రపంచం అశ్రద్ధగా లేదు. 2015 మార్చిలో జపాన్‌లోని సెందాయ్ నగరంలో దేశాలన్నీ సమావేశమై, 2030 దాకా విపత్తుల నష్టాన్ని ఎలా తగ్గించుకోవాలో ఒక ప్రణాళిక రాసుకున్నాయి. ఐక్యరాజ్యసమితి ఏటా అక్టోబరు 13ని ఇందుకోసమే కేటాయించింది. లోకం ఇంత హడావుడి పడుతుంటే, బాధ్యత గల గృహస్థుగా నేను చేతులు ముడుచుకుని కూర్చోవడం బాగుండదనిపించింది. కిందటేడు మా భోజనాల బల్ల దగ్గర ఒక శిఖరాగ్ర సదస్సు జరిపాను. హాజరు అయిదుగురు. ఒకరు కునికిపాట్లు పడుతున్నారు, ఇద్దరు ఫోన్లు చూసుకుంటున్నారు. సెందాయ్‌లో మాత్రం ఇంతకంటే భిన్నంగా జరిగి ఉంటుందా?

సదస్సు ఏకగ్రీవంగా, అంటే నేనొక్కణ్ణే చెయ్యెత్తగా, ఒక తీర్మానం చేసింది. బయటి సాయం లేకుండా 72 గంటలు నెట్టుకురావడానికి కావలసినవన్నీ ఒక సంచీలో సర్ది తలుపు పక్కన పెట్టాలి. పెద్ద ఉపద్రవం వచ్చినప్పుడు సహాయక బృందాలు ముందు మరీ ప్రమాదంలో ఉన్నవాళ్ల దగ్గరికి పరుగెడతాయి. ఇంట్లో పొడిగా, క్షేమంగా కూర్చున్న మనలాంటి వాళ్ల వంతు వచ్చేసరికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. అప్పటిదాకా మనకు మనమే దిక్కు.

నీళ్ల దగ్గరే మొదటి చిక్కొచ్చింది. తాగడానికీ, కనీస అవసరాలకూ కలిపి మనిషికి రోజుకు దాదాపు 4 లీటర్లు లెక్కేసుకోమంటారు. అయిదుగురు, మూడు రోజులు: 60 లీటర్లు. ఆ అంకె నేను గంభీరంగా చదివి వినిపించగానే మావాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "లీటరు నీళ్లు కిలో బరువు నాన్నా. అరవై కిలోల సంచీ వేసుకుని మనింట్లో పరుగెత్తేదెవరు?" అన్నాడు. మోసేది కాదురా, ఇంట్లో నిలవ ఉంచుకునేది వేరే లెక్క అని చెప్పేలోపే సభ నవ్వుల పాలైంది. నీళ్ల అంశాన్ని ఉపసంఘానికి నివేదించాం. ఉపసంఘం ఇంకా కూర్చోలేదు.

మిగతా సంచీ మాత్రం, నేనే చెప్పుకోకూడదు గానీ, కళ్లకద్దుకునేలా కుదిరింది. రెండు బ్యాటరీల టార్చి. చిన్న రేడియో. పవర్ బ్యాంకు. మందుల పెట్టె. శిథిలాల కింద చిక్కుకుంటే అరిచి అరిచి ఓపిక పోగొట్టుకోకుండా, దుమ్ము మింగకుండా ఉండడానికి ఒక ఈల. తాడు. బిస్కెట్లు. ముఖ్యమైన కాగితాల నకళ్లకు నీరు చొరని కవరు. ఏటీఎంలూ ఫోన్ చెల్లింపులూ మొరాయించే రోజు కోసం చిన్న నోట్లు. వీటన్నిటికీ ఒక జాబితా రాసి, ఒక్కోదానికీ ఎర్ర సిరాతో టిక్కు పెట్టి, సంచీలో అన్నిటికంటే పైన ఉంచాను. తరవాత ఇంటిల్లిపాదినీ పిలిచి శాసనం చేశాను: "ఆ సంచీ జోలికి వెళ్లొద్దు."

మొదటి విత్‌డ్రాయల్ పదకొండో రోజున జరిగింది.

హాల్లో గోడ గడియారం ఆగిపోయింది. టార్చిలో రెండు బ్యాటరీలున్నాయి కదా, ఒకటి అందులోకి వెళ్లింది. "ఒక్కటేగా తీసింది, రేపు తెచ్చి పెట్టేస్తాలెండి" అంది మా ఆవిడ. రెండు బ్యాటరీల టార్చి ఒకదానితో సగం వెలుగు ఇస్తుందని ఆవిడ ఉద్దేశం కాబోలు. తోడు పోయిన రెండో బ్యాటరీ ఎక్కువకాలం ఒంటరిగా మిగల్లేదు. సీరియల్ మధ్యలో రిమోట్ పనిచేయడం మానేసింది. అది విపత్తు కాదని ఏ నిపుణుడైనా వచ్చి మా అమ్మ ఎదురుగా నిలబడి చెప్పమనండి, చూస్తాను.

అసలు లోపం ఇక్కడే ఉంది. అత్యవసరం అంటే ఎప్పుడో రాబోయే తుపాను అని నిపుణులు అనుకుంటారు. ఇంటి నిఘంటువులో అత్యవసరం అంటే ఇప్పుడు, ఈ క్షణాన, నాకు కావలసింది. ఏ తుపానుకైనా ముందు హెచ్చరిక ఉంటుంది. స్కూలు బస్సు హారన్ కొడుతుండగా "అమ్మా, ప్రాజెక్టుకి తాడు కావాలి" అనే కేకకు ఏ వాతావరణ శాఖా హెచ్చరిక ఇవ్వదు.

బిస్కెట్లు చెప్పకుండా వచ్చిన చుట్టాలకు వెళ్లాయి. తలనొప్పి మాత్రలు, సంచీలో వస్తువులు ఎవరు తీస్తున్నారన్న చర్చ సందర్భంగా ఖర్చయ్యాయి. పవర్ బ్యాంకు మావాడి చేతికి శాశ్వతంగా అతుక్కుపోయింది. నకళ్లు తీయించడానికని బీరువాలోంచి అసలు కాగితాలు బయటికి తీశాం. నకళ్లు తీయించడం కుదరలేదు. అసలువి ఎక్కడ పెట్టామో ఇప్పటికీ వెతుకుతున్నాం. డబ్బుల కవరు విషయంలో మాత్రం మా ఇంటి నిజాయితీని మెచ్చుకోవాలి. తీసుకున్నప్పుడల్లా "తీసుకున్నాను, రేపు పెడతాను" అని చీటీ రాసి ఉంచారు. ఇప్పుడా కవర్లో నోట్లు లేవు, నాలుగు చీటీలున్నాయి. నాలుగూ నా చేతిరాతే.

ఒకసారి సంచీయే కనిపించలేదు. దానికి జిప్పులు ఎక్కువని, మావాడు అందులో ఉన్నవన్నీ ఒక అట్టపెట్టెలోకి వంపేసి స్నేహితులతో టూరుకి పట్టుకెళ్లాడు. నాలుగు రోజుల తరవాత సంచీ ఇసకతో తిరిగొచ్చింది. వరదకు ఇసక బస్తాలు వాడతారు గనక దాన్ని కూడా సన్నాహం కింద జమ వేసుకున్నాను.

వస్తువులు పోతే పోనీ, విజ్ఞానమైనా మిగిలింది కదా అని ఒక ఆదివారం మౌఖిక పరీక్ష పెట్టాను. భూకంపం వస్తే ఏం చేస్తారు? మా అమ్మ గుమ్మం కింద నిలబడతానంది. అది పాతకాలం మాట; ఇప్పటి ఇళ్లలో గుమ్మం మిగతా గోడకంటే గట్టిదేమీ కాదు. చటుక్కున కిందికి వంగి, గట్టి బల్ల కిందికి దూరి, తల కాపాడుకుంటూ బల్ల కాలు పట్టుకోవాలని వివరించాను. "ఏ బల్ల కిందికిరా?" అంది అమ్మ. అందరం వంగి చూశాం. పాత పేపర్ల కట్టలు, చక్రం ఊడిన సూట్‌కేసు, వాడని మిక్సీ, దాని అట్టపెట్టె. మా ఇంట్లో భూకంపం నుంచి పూర్తి రక్షణ ఉన్నది ఆ మిక్సీకి ఒక్కదానికే.

ఈ లోపల మా బావమరిదికి ఒక సందేశం వచ్చింది: ఈ రాత్రి 11:40కి భూకంపం, పదిమందికి పంపండి. భూకంపం ఫలానా రోజు ఫలానా గంటకు వస్తుందని చెప్పగల శాస్త్రం ఇంతవరకు లేదయ్యా అన్నాను. "ఏమో బావా, జాగ్రత్త మంచిది కదా" అంటూ పదికి బదులు నలభై మందికి పంపాడు. ఇంత జాగ్రత్త గల మనిషే వాన వెలిసీ వెలియగానే వరద చూడ్డానికి కారు తీస్తాడు. పారే నీళ్లు 15 సెంటీమీటర్లుంటే చాలు, నిలబడ్డ మనిషిని పడగొట్టగలవు. 30 సెంటీమీటర్లుంటే చిన్న కార్లను తోసుకుపోతాయి. 60 అయితే పెద్ద బండ్లకూ దిక్కుండదు. ఇదంతా చెబితే, "మన కారు బరువు బావా" అన్నాడు. నీళ్లకు ఆ సంగతి ఎవరైనా చెప్పాలి.

ఒక్క క్షణం వ్యంగ్యం పక్కన పెడతాను. సుమత్రా పక్కన సిమెలూ అని ఒక ద్వీపం ఉంది. 1907లో అక్కడ సునామీ వచ్చి చాలామందిని పొట్టన పెట్టుకుంది. బతికినవాళ్లు దానికి 'స్మాంగ్' అని పేరు పెట్టి, నేల గట్టిగా కదిలి సముద్రం వెనక్కి పోతే కొండెక్కమని పిల్లలకు పాటగా, కథగా చెప్పుకుంటూ వచ్చారు. 2004 డిసెంబరు 26న నేల కదిలింది. జనం కొండెక్కారు. ద్వీపంలో దాదాపు 78 వేల మంది ఉంటే, పోయినవాళ్లు 7 మంది అంటారు. వాళ్ల దగ్గర జిప్పుల సంచీ లేదు. ఒక మాట ఉంది, అది తాతల నుంచి మనవలకు చెక్కుచెదరకుండా చేరింది. మా ఇంట్లో మాట మొదటి తరం దగ్గరే పదకొండు రోజులు నిలిచింది.

చివరికి పోయిన నెల ఆ రాత్రి వచ్చింది. పెద్ద గాలివాన. తొమ్మిదింటికి కరెంటు పోయింది. నాకు లోపల్లోపల కొంచెం సంతోషం కలిగిన మాట దాచను. ఏడాది పాటు నన్ను వెక్కిరించిన ఇల్లంతా "ఏవండీ, ఆ సంచీ!" అని ఒక్క గొంతుతో పిలిచింది. తడుముకుంటూ వెళ్లి తెచ్చాను. చెయ్యి పెడితే మొదట జాబితా తగిలింది. అందులో అన్నిటికీ టిక్కులున్నాయి. తరవాత టార్చి, తేలిగ్గా, గుల్లగా. తరవాత ఈల. దాన్ని చిన్నమ్మాయి లాక్కుని చెవులు చిల్లులు పడేలా ఊదింది. ఆ ఒక్క పరికరం పనితీరు సంతృప్తికరమని నమోదు చేశాను.

తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లదనం నిలుపుకుంటుందని గతంలోనే సర్క్యులర్ జారీ చేసి ఉన్నాను. మొదటి పావుగంటలో దాన్ని ఆరుసార్లు తెరిచారు, ఇంకా చల్లగానే ఉందో లేదో చూడ్డానికి. ఇలాంటప్పుడు లైన్లు కిక్కిరిసి ఉంటాయి, కాల్ కంటే చిన్న మెసేజ్ నయం, చార్జింగ్ కూడా మిగులుతుంది అన్నాను. మా ఆవిడ తొమ్మిది శాతం చార్జింగ్‌తో వాళ్ల అక్కకు ఫోన్ చేసింది. "మీకూ పోయిందా?" అని అడిగి, పోయిందని తెలుసుకుని, నిశ్చింతగా పెట్టేసింది. అంతటితో ఫోన్ కూడా ఆరిపోయింది.

ఆ తరవాత ఎవరూ మాట్లాడలేదు. బయట వాన హోరు. హాల్లో ఆ గడియారం ఒక్కటే టిక్కు టిక్కుమని, కొత్త బ్యాటరీ కదా, నిక్కచ్చిగా నడుస్తోంది. "టైమెంతయిందిరా?" అంది అమ్మ. అందరం ఆ చప్పుడు వైపు తలలు తిప్పాం. చూడ్డానికి టార్చి కావాలి.