వైపర్ మోటారు ఉయ్యాల

మా వాడికి తొమ్మిదో నెల. ఊపితే పడుకుంటాడు, ఆపితే లేస్తాడు. ఇంట్లో ఉన్న ఆరు చేతులూ, అంటే మా ఆవిడవీ, అత్తగారివీ, నావీ, వంతులవారీగా పడిపోయాయి. చీర ఉయ్యాల కడదామంటే ఫ్లాట్‌లో దూలం లేదు, స్లాబ్‌కి కొక్కెం లేదు. కొక్కెం కోసం డ్రిల్లింగ్ కుర్రాణ్ణి పిలిస్తే అసోసియేషన్ సెక్రటరీగారు లిఫ్ట్ దగ్గరే అడ్డుకున్నారు.

"స్లాబ్‌కి కన్నం పెడితే బిల్డింగ్ వీక్ అయిపోతుందండీ."

సీసీ కెమెరాల కోసం కారిడార్ పైకప్పంతా జల్లెడ చేసినప్పుడు ఈ బిల్డింగ్ ఎందుకు వీక్ కాలేదో అడగాలనుకున్నాను. అడగలేదు. మెయింటెనెన్స్ రెండు నెలలది బాకీ ఉంది.

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, చేసేది బ్యాంకు ఉద్యోగం. చదువు వృథా అయిపోయిందని మా నాన్న ఇప్పటికీ ప్రతి పెళ్లిలోనూ చెబుతుంటారు. ఇదిగో అవకాశం అనిపించింది. విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లి పాత కారు వైపర్ మోటారు ఒకటి కొన్నాను. అమ్మినాయన దాన్ని బల్ల మీద ఒకసారి తిప్పి చూపించి, "గేరు లోపలే ఉంది సార్, దున్నపోతుని కట్టినా లాగుద్ది" అన్నాడు. దున్నపోతు కాదు, పిల్లాడు అని చెప్పాను. "అయితే ఇంకా మంచిది" అన్నాడు.

వెల్డింగ్ షాపులో ఇనప పైపులతో స్టాండు చేయించాను, దానికి నాలుగు కడ్డీలతో చిన్న మంచం వేలాడదీశాను. ఇక్కడే నా తెలివంతా చూపించాను. ఊగే వస్తువు ఒక ఊపుకి ఎంతసేపు తీసుకుంటుందన్నది దాని బరువు మీద కాదు, వేలాడే పొడుగు మీద ఆధారపడుతుంది. ఇది గెలీలియో కాలం నుంచీ ఉన్న సంగతే. వైపర్ మోటారు స్లో స్పీడులో నిమిషానికి దాదాపు 45 చుట్లు తిరుగుతుంది. ఊపులూ 45 రావాలంటే కడ్డీ పొడుగు 44 సెంటీమీటర్లు ఉండాలని లెక్కగట్టి, టేపు పెట్టి మరీ కోయించాను. ఎక్కడైనా పిల్లాడి చెయ్యి ఇరుక్కుంటుందేమోనన్న భయంతో మోటారుకీ మంచానికీ మధ్య నేరుగా కడ్డీ పెట్టకుండా స్ప్రింగ్ పెట్టాను.

మోటారు తోపూ, మంచం ఊపూ అలా తాళం తప్పకుండా కలిసిపోతే ఊపు ఒక చోట ఆగదట, పెరుగుతూనే పోతుందట. దీన్ని రెజొనెన్స్ అంటారు. ఆ చాప్టర్ పరీక్షకి ఇంపార్టెంట్ కాదని మా లెక్చరర్‌గారు వదిలేశారు.

"అల్లుడుగారూ, పిల్లాణ్ణి అందులో పడుకోబెడతారా?" అన్నారు అత్తగారు, వాణ్ణి ఒళ్లోంచి దించకుండా.

"ముందు బియ్యం పడుకుంటాయి అత్తయ్యగారూ."

వాడు తొమ్మిది కిలోలు. పది కిలోల బియ్యం సంచి తీశాను. అప్పటికే మూతి విప్పిన సంచి. కట్టడానికి పురికొస దొరక్కపోతే, చేతికి అందిన పిల్లాడి మంకీ క్యాప్ దాని మూతికి బిగించాను. ఒలికిపోకుండా మా ఆవిడ పాత చీరతో చుట్టాను. చూడ్డానికి ముద్దుగానే ఉంది.

స్విచ్ వేశాను. మంచం మెల్లగా ఊగింది. మావాడు చప్పట్లు కొట్టాడు. మా ఆవిడ మొహంలో, పెళ్లయ్యాక మొదటిసారి అనుకుంటాను, గౌరవం లాంటిది కనిపించింది. ఊపు కొంచెం పెరిగింది. ఇంకొంచెం పెరిగింది. స్టాండు టైల్స్ మీద డగడగమంటోంది. సరిగ్గా అప్పుడే, తీసే ఉన్న వీధి తలుపులోంచి సెక్రటరీగారు లోపలికి వచ్చారు. ఆయన ఫ్లాట్ మా కిందదే.

"ఏంటండీ ఆ సౌండు..."

స్విచ్ ఆపేశాను.

ఇక్కడ వైపర్ మోటారు గురించి ఒక సంగతి చెప్పాలి. కారులో వైపర్ ఆపినప్పుడు అది అద్దం మధ్యలో నిలబడిపోదు గమనించారా? కిందికి వచ్చి, దాని చోట పడుకున్నాకే ఆగుతుంది. దాని కోసం మోటారు లోపలే ఒక ఏర్పాటు ఉంటుంది. స్విచ్ ఆపినా వేరే వైరు గుండా కరెంటు అందుతూ ఉంటుంది, మిగిలిన చుట్టు పూర్తి చేసి, సొంత స్థానానికి చేరాకే ఆగుతుంది. నిమిషానికి 45 చుట్లంటే చుట్టుకి సెకనూ మూడో వంతు. వర్షంలో అది ఎంత మర్యాద! మా హాల్లో మాత్రం ఆ మిగిలిన చుట్టే కొంప ముంచింది.

ఆ చివరి ఊపుకి మంచం దాదాపు నిలువుగా లేచింది. చీరలో చుట్టిన మంకీ క్యాప్ శాల్తీ గాల్లోకి ఎగిరింది. సెక్రటరీగారు "అమ్మో, బాబు!" అని అరిచారు. అరవడంతో ఆగలేదు, రెండు చేతులూ చాచి ముందుకి దూకారు. అరవై దాటిన మనిషి. మెట్లెక్కితే మోకాళ్ల నొప్పులని జనరల్ బాడీ మీటింగుని మూడేళ్లుగా గ్రౌండ్ ఫ్లోర్‌లోనే పెడుతున్న మనిషి. నిజం చెప్పాలి, క్యాచ్ మాత్రం అద్భుతం. ఒక చెయ్యి చీర కిందికి, ఇంకో చెయ్యి తల వెనక్కి. చంటిపిల్లల్ని పట్టుకోవాల్సిన పద్ధతి అదేనట, తల జారకూడదు.

తల ఊడి ఆయన చేతిలోకి వచ్చేసింది.

ఆయన క్యాప్ వంక చూశారు. మెడ ఉండాల్సిన చోట నుంచి సోనా మసూరి ధారగా కారుతోంది, చెప్పుల మీద, సోఫా కింద, షూ ర్యాకులో. ఆయన నోరు తెరిచారు గానీ మాట రాలేదు. అత్తగారి ఒళ్లో అసలు బాబు ఆ దృశ్యానికి పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వుకి సెక్రటరీగారు అటు తిరిగి వాణ్ణి చూసి, మళ్లీ చేతిలో క్యాప్ చూసి, నేల మీద బియ్యంలోనే కూర్చుండిపోయారు. మా ఆవిడ మంచినీళ్లు తెచ్చింది. నేను ఆ గ్యాప్‌లో మోటారు పార్కింగ్ స్విచ్ గురించి వివరించబోయాను. ఎవరూ వినలేదు.

సాయంత్రానికి గ్రూపులో నోటీసు పడింది. "ఫ్లాట్లలో మోటార్లతో నడిచే ఉయ్యాలలు, మంచాలు, తదితర యంత్రాలు వాడరాదు. అతిక్రమించినవారికి వెయ్యి రూపాయల జరిమానా." తదితర అట! ఇంకేం తయారుచేస్తానని ఆయన అనుమానమో. స్లాబ్‌కి ఒక్క కొక్కెం పెట్టనిచ్చి ఉంటే ఇదంతా ఉండేదా అని టైపు చేసి, బాకీ గుర్తొచ్చి డిలీట్ చేశాను.

నోటీసు కింద అప్పటికే ఒక థంబ్స్ అప్ ఉంది. ఎవరిదా అని నొక్కి చూస్తే, మా ఆవిడది.