గంటకు 70 పౌండ్ల ఆదా

విదేశాల్లో స్థిరపడ్డ మన తెలుగువాళ్లకి పొదుపు చేయడం రాదు. పదిహేనేళ్లుగా ఈ ఇంగ్లండులో, రెడింగ్ ఊళ్లో, నలుగురినీ చూసి చెబుతున్న మాట ఇది. జీతం వస్తే ఇల్లు కొంటారు. కొంచెం మిగిలితే అద్దెకివ్వడానికి ఇంకో ఇల్లు కొంటారు. ఇంకా మిగిలితే శంషాబాద్ అవతల ప్లాటు కొని, ప్రహరీ కట్టించమని బావమరిదికి డబ్బు పంపుతారు. అన్నిటి విలువా పెరుగుతుంది. పెరిగిన దానికి పన్ను, పన్నుకి ఆడిటరు, ఆడిటరుకి ఫీజు. ఎంత దండగ!

నేను మాత్రం నాలుగేళ్ల కింద 3,500 పౌండ్లు పెట్టి 1972 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొన్నాను. రెండే సీట్లు, మడిచే గుడ్డ టాపు, ముందూ వెనకా క్రోమ్ బంపర్లు, మిగతాదంతా తుప్పు. 40 ఏళ్లు దాటిన కారుకి ఈ దేశంలో రోడ్ ట్యాక్స్ కట్టక్కర్లేదు. బండిలో పెద్ద మార్పులేమీ చేయకపోతే, బండి రోడ్డుకి పనికొస్తుందో లేదో ఏటా చూసే ఎంఓటీ పరీక్ష కూడా 2018 నుంచి తప్పనిసరి కాదు. కారు అమ్మగా వచ్చే లాభం మీద పన్ను లేదు. కారు మీద ఎవడికైనా లాభం వస్తుందన్న ఆశ పన్ను శాఖవాళ్లకే లేనట్టుంది. ఇన్సూరెన్సు వాళ్లు ఏడాదికి 3,000 మైళ్లు దాటకూడదని షరతు పెట్టి ప్రీమియం బాగా తగ్గించారు. ఆ షరతుని నేను తు.చ. తప్పకుండా పాటించాను. మూడున్నరేళ్లు బండి గ్యారేజీలో నాలుగు స్టాండ్ల మీద ఉంది.

మా ఆవిడకి ఈ లెక్కలు ఎక్కవు. "పాత సామానుంటే ఎవరైనా భోగి మంటలో వేస్తారండీ. మీరు డబ్బిచ్చి మరీ ఇంట్లోకి తెచ్చారు" అంది మొదటి రోజే. ఆవిడ ఎం.కామ్. ఈ పాఠం ఎం.కామ్‌లో ఉన్నట్టు లేదు కాబట్టి ఇక్కడ చెబుతాను.

ఇక్కడ మెకానిక్కు దగ్గరికి వెళ్తే లేబరు గంటకి 70 పౌండ్లు అన్నాడు. ఆ గంట పని నేనే చేసుకుంటే 70 పౌండ్లు ఆదా. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. నేను కనిపెట్టింది దీని పై మెట్టు. అతను గంటలో చేసే పనికి నాకు తొమ్మిది గంటలు పడితే 630 పౌండ్లు ఆదా అయినట్టు. అంటే పని ఎంత రాకపోతే అంత లాభం. చేతకానితనానికి ఇంత గిట్టుబాటు ధర ఇచ్చే రంగం ఇంకొకటి లేదు. ఇందుకోసం ఒక నోటు పుస్తకం పెట్టాను. అట్ట మీద "ఆదా ఖాతా" అని రాసి, పసుపు కుంకుమ పెట్టి, మొదటి పేజీలో శ్రీరామ చుట్టాను.

తొమ్మిది గంటల మాట ఊరికే అనలేదు. పొగ గొట్టాన్ని ఇంజనుకి పట్టి ఉంచే ఇత్తడి నట్లుంటాయి. వాటిలో ఒకదాని కథ అది. నా దగ్గరున్న పానాలన్నీ మిల్లీమీటర్లవి, ఆ నట్టు అంగుళాల నాటిది. 12 పట్టదు, 13 వదులు. అర అంగుళం పానా తెప్పించేసరికి, 13తో నేను చేసిన ప్రయత్నానికి నట్టు మూలలన్నీ అరిగి గుండ్రంగా బటాణీ గింజలా తయారైంది. నూనె కొట్టి, మినప్పప్పు నానబెట్టినట్టు రాత్రంతా నానబెట్టాను. హీట్ గన్‌తో కాల్చాను. సుత్తితో బుజ్జగించాను. మూడో రోజున పానా ఒక్కసారిగా తేలిగ్గా తిరిగింది. "కదిలిందే!" అని నేను అరిచిన అరుపుకి మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. కదిలింది నట్టు కాదు, నట్టు ఎక్కే మర కడ్డీ, అంటే లోపలి స్టడ్డు తెగింది. నట్టు మాత్రం స్టడ్డుని వదల్లేదు, రెండూ కలిసే నా చేతిలోకి వచ్చాయి. అన్యోన్య దాంపత్యం. ఇంజనులో ఉండిపోయిన ముక్కని డ్రిల్లింగు చేసి తీయడానికి ఇంకో పదకొండు గంటలు. వాటికి 770 విడిగా రాశాను.

తుప్పు సంగతి వేరు. ఎంజీబీకి విడిగా ఛాసీ లేదు. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఉండే సిల్లులే దానికి వెన్నెముక. నాకు బండి అమ్మినాయన వాటిని వేలితో తట్టి "గట్టిగా ఉన్నాయి" అన్నాడు. గట్టిగానే ఉన్నాయి. స్క్రూడ్రైవరుతో గీకితే ముందు రంగు, రంగు కింద లప్పం, దాని కింద ఇంకో రంగు, మళ్లీ లప్పం, ఆ తర్వాత కోళ్ల గూటికి కొట్టే జాలీ. జాలీ వెనక ఉండ చుట్టి కూరిన న్యూస్‌పేపరు. ఇనుము ఎక్కడా తగల్లేదు. పేపరు విప్పి చూస్తే 1984 వేసవిది. ఇంగ్లండు సొంతగడ్డ మీద వెస్టిండీస్ చేతిలో 5-0తో ఓడిన సిరీస్. గ్యారేజీ నేల మీద కూర్చుని ఆ స్కోరుబోర్డు అంతా చదివాను. ఆ గంటకి కూడా 70 వేశాను, ఎందుకంటే మెకానిక్కయినా చదివేవాడే.

టాపులేని బండి కదా, నడుము దగ్గర సిల్లు కోసేస్తే బాడీ మధ్యలో కుంగుతుంది. తర్వాత తలుపులు పట్టవు. అందుకని తలుపు సందుకి అడ్డంగా ఇనప కమ్మీ వెల్డింగు చేసి, ఆ తర్వాతే కోయాలి. ఎడమ వైపు ఈ సంగతి తెలుసుకుని కోశాను. కుడి వైపు కోసి తెలుసుకున్నాను. ఇప్పుడు కుడి తలుపు వేయాలంటే చేత్తో కొంచెం పైకెత్తి, భుజంతో లోపలికి నెట్టి, మోకాలితో ఒక్క తాపు తన్నాలి. దొంగలకి ఈ వరస తెలియదు. అలారం ఖర్చు ఆదా.

ఇక పనిముట్లు. గోచీని ఎలుక కొరుకుతోందని సన్యాసి పిల్లిని పెంచిన కథ మనందరికీ తెలుసు. పిల్లికి పాలు కావాలని ఆవు, ఆవుని మేపడానికి మనిషి, చివరికి పెళ్లాం పిల్లలు. కౌపీన సంరక్షణార్థం. ఆ సన్యాసికి నా సానుభూతి. సిల్లు కోసం వెల్డింగు మెషీను, మెషీను వెలుగుకి హెల్మెట్టు, నిప్పురవ్వలకి మంటలార్పే సిలిండరు, వెల్డింగు గరుకు తీయడానికి గ్రైండరు, రంగు వేయడానికి కంప్రెసరు, ఇంజను దించడానికి క్రేను, దించిన ఇంజను పెట్టడానికి స్టాండు. ఇవన్నీ పట్టాక గ్యారేజీలో బియ్యం బస్తాలకి, డీప్ ఫ్రీజరుకి, బొమ్మల కొలువు పెట్టెలకి చోటు లేదు. వాటి కోసం పెరట్లో 900 పౌండ్లతో చెక్క షెడ్డు వేయించాను. ఆ షెడ్డు కారు ఖర్చు కాదు, బియ్యం ఖర్చు. ఖాతాలో ఈ తేడా చాలా ముఖ్యం.

వంటింటి సామాను గురించి ఎక్కువ చెప్పను, కేసు ఇంకా నడుస్తోంది. ఇడ్లీ ప్లేట్లలో గుంటలు సరిగ్గా సరిపోయే సైజులో ఉంటాయనీ, విప్పిన వాల్వు స్ప్రింగుల్ని వరస తప్పకుండా పెట్టుకోవడానికి అంతకంటే మంచి సాధనం ఏ కంపెనీవాడూ తయారు చేయలేదనీ మాత్రం మనవి.

మా బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు కార్లు బాగుచేశాడు. ఇంజను మళ్లీ ఎక్కించిన రోజు వీడియో కాల్ చేసి, సస్పెన్సు కోసం కాసేపు ఆగి, బానెట్ ఎత్తాను. స్పోర్ట్స్ కారు చూసి మురిసిపోతాడనుకున్నాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, "ఇదేంట్రా, మన అంబాసిడర్ ఇంజనే కదరా ఇది!" అన్నాడు.

నిజమే. రెండూ ఒకే వంశం, బీఎంసీ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్ల బీ-సిరీస్. అంబాసిడర్‌లో 1489 సీసీ, ఎంజీబీలో 1798 సీసీ. ఇన్నాళ్లూ ఆ సంగతి నేను మాత్రం ఇంట్లో ఎక్కడా బయటపెట్టలేదు. మా ఆవిడ వెనక నుంచి వింది. ఉగాది పార్టీకి వెళ్లేసరికి ఊరంతా తెలిసింది. ఇప్పుడు అందరూ "ఏమండీ, మీ అంబాసిడర్ ఎంతవరకు వచ్చింది?" అని పరామర్శిస్తున్నారు.

తాళం తిప్పితే ఇంజను పట్టుకోలేదు, కార్బురేటర్లోంచి ఢామ్మని పేలింది. బాబాయి ఇటు తిప్పు, అటు తిప్పు అని ఫోను తిప్పించి ప్లగ్గు వైర్లు చూశాడు. "ఒరేయ్, సిలిండర్లు మండే వరస 1-3-4-2 రా. నువ్వు 1-2-3-4 పెట్టావు. ఒకటో క్లాసా నువ్వు?" సాఫ్ట్‌వేర్‌లో ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి. వైర్లు మార్చాక రెండో తిప్పుకి స్టార్టయింది. ఇక కార్బురేటర్లు రెండూ సమానంగా గాలి పీల్చాలి. రబ్బరు ట్యూబు ఒక కొస కార్బురేటర్ నోటి దగ్గర, ఇంకో కొస చెవిలో పెట్టుకుని ఆ బుసని వినాలి, ఆ తర్వాత పక్కదాని బుసని విని రెండిటినీ కలపాలి. ట్యూబు కొసని ఫోనుకి ఆనించాను. ఐదు వేల మైళ్ల అవతల బాబాయి కళ్లు మూసుకుని విన్నాడు. "వెనకదానికి పావు మలుపు తగ్గించు. ఆఁ. ఇంకాస్త. చాలు." ఇంజను ఒక్కసారిగా సర్దుకుంది. బానెట్ మీద పెట్టిన కాఫీ గ్లాసు వణకడం మానేసింది. ఆ నిమిషం గురించి నేను వెటకారం చేయలేను, క్షమించాలి.

బాబాయి ఫీజు తీసుకోలేదు. ఆటోనగర్ రేటు ప్రకారం వేద్దామని అడిగితే, "ఇలాంటి పని రేటుకి చెయ్యంరా, జాలికి చేస్తాం" అన్నాడు.

ఇంత చెప్పాక ఈ బండికున్న శాపం కూడా చెప్పాలి. అన్ని విడిభాగాలూ దొరుకుతాయి. 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకి పైగా తయారయ్యాయి కాబట్టి, చిన్న రబ్బరు వాషరు దగ్గర్నుంచి కార్పెట్టు దాకా ఏది కావాలన్నా రెండు రోజుల్లో గుమ్మంలోకి వస్తుంది. 1988 నుంచి పాత అచ్చులతోనే మొత్తం బాడీ షెల్లు కూడా కొత్తగా చేసి అమ్ముతున్నారు. వేరే ఏ పాత బండి అయినా "పార్టు దొరకలేదు" అని గౌరవంగా చేతులు దులుపుకోవచ్చు. ఇక్కడ ఆ అదృష్టం లేదు. ఒక్కొక్కటే మారుస్తూ పోతే చివరికి 1972 నాటిది నంబరు పలక ఒక్కటే మిగులుతుంది. ఆత్మ పాత బట్టలు విడిచి కొత్తవి కట్టుకుంటుందంటారు. మన ఆత్మలకి మాత్రం ఎవరూ కొరియర్ ఛార్జీలు వేయరు.

బండిని వాకిట్లోకి తోసినప్పుడల్లా డెబ్బై దాటిన పెద్దమనిషి ఎవరో ఒకరు ఆగుతారు. "నాకూ ఒకటుండేది. అమ్మేసి తప్పు చేశాను" అంటారు. అందరిదీ అదే మాట. పక్కనున్న వాళ్ల ఆవిడ ఏమీ అనదు, మా వంటింటి కిటికీ వైపు జాలిగా చూస్తుంది. వాకిట్లో మా ఆవిడ ముగ్గు వేస్తుంది కదా, చుక్కలు పెట్టే శ్రమ ఇప్పుడు లేదు. రాత్రికి రాత్రి కారే నూనె కార్చి నల్లగా పెట్టేసి ఉంచుతుంది. గీతలు కలపడమే.

నాలుగేళ్ల ఖాతా ఇది. పని 1,100 గంటలు, ఆదా 77,000 పౌండ్లు. "ఆ 77 వేలు ఏ బ్యాంకులో ఉన్నాయండీ?" అని ఎం.కామ్. అడిగింది. ఆదా అయిన డబ్బు కంటికి కనబడదనీ, కనబడితే అది ఆదా కాదు, ఆదాయమనీ వివరించాను. కొన్న విడిభాగాల బిల్లులు కూడితే, తయారైన బండి బజారు ధర దాటిపోతోందన్న మాట వాస్తవమే. అందుకే వాటిని కూడలేదు.

మొన్న శనివారం వాహన పూజకని బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్‌లో ఉన్న బాలాజీ గుడికి బయల్దేరాం. డిక్కీలో ఒక కొబ్బరికాయ, నాలుగు నిమ్మకాయలు, పులిహోర డబ్బా. టాపు దించాను. మా ఆవిడ చున్నీ తలకి చుట్టుకుని, నాలుగేళ్లలో మొదటిసారి ఏమీ అనకుండా కూర్చుంది. ఏ34 రోడ్డు మీద అబింగ్‌డన్ దగ్గరికి వచ్చాం. మా ఎంజీబీ పుట్టింది ఆ ఊరి ఫ్యాక్టరీలోనే, దాన్ని 1980లో మూసేశారు. సరిగ్గా అక్కడ ఇంజను రెండు సార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. పుట్టింటికొచ్చిన ఆడపిల్ల, ఇక అడుగు కదపనంది.

బండిని ఎలాగో పక్కనున్న ఖాళీ జాగాలోకి దొర్లించాను. తాళం తిప్పితే పెట్రోలు పంపు టకటకమనాలి. అనలేదు. వెనక ఇరుసు ముందు, అడుగున ఉంటుంది ఆ పంపు. గట్టిగా ఒకటి తగిలిస్తే మళ్లీ కొట్టుకోవడం మొదలుపెడుతుందని ఈ బండ్లు నడిపే వాళ్లందరికీ తెలుసు. సుత్తి ఇంట్లో ఉంది. పులిహోర డబ్బాకి చోటు కావాలని నేనే తీసేశాను. కిందకి దూరి, చేతికందిన గట్టి వస్తువుతో కొట్టాను. కొబ్బరికాయ సరిగ్గా రెండు చెక్కలైంది, నీళ్లన్నీ నా మొహం మీద పడ్డాయి. పంపు ఉలకలేదు, పలకలేదు.

రికవరీ లారీ వచ్చింది. ఇంటికా, వెళ్లే చోటికా అని డ్రైవరు అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ "గుడికి" అంది. కారు లారీ పైకెక్కింది, మేం క్యాబిన్లో ఎక్కాం. ముగ్గురం పులిహోర తిన్నాం. ఊరేగింపులో ఉత్సవ విగ్రహంలా కారు కొత్త రంగుతో మెరిసిపోతూ వెనక వస్తోంది, పక్క లేన్లలో జనం ఫోటోలు తీస్తున్నారు.

గుడి దగ్గర పంతులుగారు పళ్లెం పట్టుకుని బయటికొచ్చి లారీని చూశారు, లారీ మీద కారుని చూశారు, మళ్లీ లారీని చూశారు.

"పూజ ఏ బండికండీ?" అన్నారు.

నిమ్మకాయలు లారీ చక్రాల కిందే పెట్టాం. ఆ రోజు తిరిగిన చక్రాలు అవే కదా. డ్రైవరు బొట్టు కూడా పెట్టించుకున్నాడు.

తిరుగు ప్రయాణానికి ఇంకో లారీ వచ్చింది. రాత్రి ఇంటికి చేరాక పుస్తకం తీశాను. కారు తనంతట తాను తిరగని దూరం రానూపోనూ దాదాపు 180 మైళ్లు. గాలన్‌కి పాతిక మైళ్ల లెక్కన 33 లీటర్ల పెట్రోలు ఆదా.